ఎడమ కొమ్ము పెరిగిన నాలుగు రోజులు

ఆ చలికాలం మా ఆవిడ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకోకపోతే, ఎక్కడో ఉన్న ఒక ముసలి నక్షత్రంతో నాకు పని పడేదే కాదు. నాది టార్పాలిన్ల దుకాణం. టార్పాలిన్లు, గొడుగు గుడ్డ, పూత వేసిన గుడ్డ, తాళ్లు. గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి ఏ రకమో, ఎన్ని వానలకి ఆగుతుందో చెప్పగలను. ఆవిడకి ఊరవతల రేడియో టెలిస్కోపు దగ్గర ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో ఒకసారి తీసుకెళ్లి చూపించింది. ఇంత పెద్ద పళ్లెంలో ఏం వడ్డిస్తారని అడిగాను. మళ్లీ తీసుకెళ్లలేదు.

మూడు నెలలు ఆ చేత్తో రాయకూడదు, కారు నడపకూడదు అన్నాడు డాక్టరు. సరిగ్గా ఆవిడ రిటైర్మెంటుకి మిగిలినవి ఆ మూడు నెలలే.

అవి మామూలు నెలలు కూడా కావు. మూడేళ్లుగా ఆవిడ ఒక మాట మీద నిలబడి ఉంది. ఆ నక్షత్రం నుంచి వచ్చే రేడియో వెలుగు నెలల తరబడి మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతుందని అందరికీ తెలుసు. అది కాక రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో కూడా మిణుకుతోందని మా ఆవిడ వాదన. సభలో చెప్పింది, పత్రికలో రాసింది. ఇప్పుడు అక్కడి డైరెక్టరు ఒకప్పుడు ఈవిడ దగ్గర చదువుకున్న అమ్మాయే. ఆమెకి నమ్మకం కుదరలేదు. మిణుకుతున్నది నక్షత్రమో, మన యంత్రమో చెప్పలేం మేడమ్ అంది. ఈ చలికాలం అంతా చూడండి, తేలితే చివరి నివేదికలో పెట్టుకోండి, తేలకపోతే ఆ మాట వెనక్కి తీసుకోండి అని మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పింది గనకే మా ఆవిడకి రెండు రోజులు అన్నం సయించలేదు.

నేను లెక్క వేసుకున్నాను. దుకాణానికి తమ్ముడున్నాడు, నాకన్నా గట్టిగా బేరం చేస్తాడు. ఆవిడకి కావలసింది ఒక డ్రైవరు, ఒక రాసే చెయ్యి. రెండూ ఒకే మనిషిలో దొరికితే తిప్పలు తక్కువ. తమ్ముడికి తాళాలు ఇస్తుంటే, ఇన్నాళ్లూ నువ్వు జనానికి పగలే చుక్కలు చూపించావు, ఇప్పుడు వదిన నీకు చూపిస్తుంది అన్నాడు. ఆ జోకు వాడు ఆ చలికాలమంతా వాడుకున్నాడు.

నిజంగానే పగటి పనే. ఆ నక్షత్రం తెల్లవారకముందే పైకొచ్చి మధ్యాహ్నం మూడింటికి వాలిపోతుంది. రేడియో పళ్లానికి సూర్యుడున్నా ఒకటే లేకపోయినా ఒకటే. పొద్దున్న ఏడింటికి పొగమంచులో కారు నడుపుకుంటూ వెళ్లేవాళ్లం. కంట్రోలు గదిలో రెండు కుర్చీలు, నాలుగు తెరలు, ఒక మూల నీళ్ల కెటిలు. కిటికీలోంచి పళ్లెం కనిపించేది, దాని కాళ్లు మంచులో మునిగి.

"పైన తేదీ వెయ్యండి. కింద ఆకాశం ఎలా ఉందో రాయండి. దాని కింద రెండు గళ్లు, ఎడమ, కుడి," అంది మొదటి రోజు.

ఇదంతా కంప్యూటరు దాచుకోదా అని అడిగాను. దాచుకుంటుంది, కానీ చేత్తో రాస్తేనే నా బుర్రకి ఎక్కుతుంది అంది. ఇప్పుడు చెయ్యి నాది గదా, ఎవరి బుర్రకి ఎక్కుతుందని అడిగితే పెన్ను నా చేతిలో పెట్టింది.

తెర మీద ఒక గీత కోసేసిన గడ్డిలా పొట్టిగా, గరుకుగా పాకుతూ వచ్చి మధ్యలో ఒక్కసారి నిటారుగా లేచి దిగింది. కాస్త ఆగి మళ్లీ లేచి దిగింది. రెండు కొమ్ములు. ఆవిడ చెప్పగా నాకు అర్థమైంది ఇదీ. ఆ నక్షత్రం ముసలిదై ఉబ్బిపోయింది. మన సూర్యుడి స్థానంలో పెడితే మన దాకా మింగేస్తుంది. ఊపిరి తీసినట్టు ఉబ్బుతూ, తగ్గుతూ, ఒంటి మీది పొరల్ని ఊడ్చి బయటికి విసిరేస్తూ ఉంటుంది. ఆ విసిరినదాంట్లో నీటి ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి మబ్బులు తమలోంచి పోతున్న సన్నటి రేడియో కూతని పట్టుకుని లక్షల రెట్లు పెంచి పంపుతాయి. దాన్నే మేసర్ అంటారట.

"మైకు పెట్టినట్టా?"

"మైకు ముందు మైకు, దాని ముందు ఇంకో మైకు పెట్టినట్టు."

మనవైపు వస్తున్న మబ్బుది ఎడమ కొమ్ము, అవతలికి పోతున్న మబ్బుది కుడి కొమ్ము. రెండింటి శ్రుతులూ కొద్దిగా వేరట. మూడేళ్లుగా ఎడమదే పెద్దది, కుడిది గడ్డిలో గడ్డిగా ఉండేదట. ఈ ఏడే కుడిది కూడా బాగా లేచింది. అక్కడి వాళ్లందరూ ఆ నక్షత్రాన్ని ఏదో అంకెలున్న పేరుతో పిలిచేవాళ్లు. ఆవిడ మాత్రం పెద్దాయన అనేది. నాకు నాలుగో రోజుకే అలవాటైపోయింది. పొద్దున్నే కుర్చీలో కూచుని, ఏమంటున్నాడు మీ పెద్దాయన అని అడిగేవాణ్ణి.

పెద్దాయన్ని చూసే ముందు రోజూ ఒక తంతు ఉండేది. ఆకాశంలో ఎప్పుడూ ఒకేలా ఉండే ఇంకో రేడియో దీపం ఒకటుంది. ముందు పళ్లాన్ని దానివైపు తిప్పి ఎంత వస్తోందో చూసుకోవాలి. అది ఎంతుండాలో తెలుసు గనక, యంత్రం ఎంత తక్కువ చూపిస్తోందో తెలిసిపోతుంది. ఆ తేడాని మిగతా రోజంతటికీ సరిచేసుకుంటారు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా తూకపురాయే. ఆ పేరే పెట్టాను. మీ రాయి సరైందని గ్యారంటీ ఏంటని అడిగితే, ఏభై ఏళ్లుగా అందరూ దాంతోనే తూస్తున్నారంది. రోజుకి ఒక్కసారే ఎందుకు తూస్తావంటే, పెద్దాయన మీద ఉండాల్సిన టైము రాయి మీద పోతుందంది. ఆ రెండో జవాబు నాకు అంతగా నచ్చలేదు. అయినా అది నా దుకాణం కాదు, ఊరుకున్నాను.

రెండు వారాలు తిరిగేసరికి మిణుకు నా కళ్ల ముందే కనపడసాగింది. పొద్దున్న నలభై ఉన్న ఎడమ కొమ్ము మధ్యాహ్నానికి యాభై దాటేది. మర్నాడు ఎంతకీ కదిలేది కాదు. ఆ మర్నాడు మళ్లీ లేచేది. ఆవిడ మొహంలో రంగు వచ్చింది. నేనూ ఊరికే కూర్చోలేదు. ఇంటికొస్తూ దారంతా ప్రశ్నలే. ఆ మబ్బు ఎంత పెద్దది? భూమికీ సూర్యుడికీ ఉన్నంత. ఎంత వేగంగా కదులుతుంది? సెకనుకి పది కిలోమీటర్లు. కారు పక్కకి ఆపి లెక్క కట్టాను. అది తన ఒళ్లంత దూరం కదలాలంటే ఆర్నెల్లు పడుతుంది. మరి ఒక్క పూటలో ఎలా మారుతుంది?

"అదేగా నేనడిగేది," అంది. "ఇన్నాళ్లకి ఒకరు ఎదురు అడిగారు."

డైరెక్టరు ఒకరోజు వచ్చి వెనక నిలబడి చూసింది. నన్ను చూసి బాగున్నారా సార్ అంది. పొద్దున్నపూట యంత్రంలో గరగర ఎక్కువగా ఉంటోందెందుకు మేడమ్ అని అడిగింది. పొద్దున గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమ గరగర అంది మా ఆవిడ. ఆ అమ్మాయి తలూపింది. అందరూ ఆ గరగరని గాలి మీదకే తోస్తారట. నేనూ అలాగే అనుకుని పుస్తకంలో గాలి తేమ అని రాశాను.

అక్కడ మెకానిక్కుని అందరూ గ్రీజు అనేవాళ్లు. ఎప్పుడు చూసినా మోచేతి దాకా అదే. పళ్లెం ఎక్కి బాగుచేసే పని అతనిది. పెద్దాయన అస్తమించాక, మూడు దాటాకే ఎక్కుతాడు. పొద్దున్న చూపు ఆపకూడదు గదా. ముప్పయ్యో రోజో, ఆ దరిదాపుల్లోనో, పొద్దున్నే పళ్లెం నడినెత్తి వైపు చూస్తూ మొరాయించింది. మా ఆవిడ అటూ ఇటూ తిరుగుతోంది. లైటు పట్టుకోడానికి మనిషి కావాలి, రండి షావుకారుగారూ అన్నాడు గ్రీజు. నాకూ ఎక్కాలనే ఉంది.

పళ్లెం నడిబొడ్డున చిన్న గది ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చిందంతా చివరికి ఆ గదిలోకి దిగుతుంది. గది కప్పులో గుండ్రటి కిటికీ, నా రెండు చేతులు చాపినంత. దానికి అద్దం ఉండదు, గుడ్డ బిగించి ఉంటుంది. వాన లోపలికి రాకూడదు, రేడియో మాత్రం రావాలి. గ్రీజు కింద మోటారు విప్పుతుంటే నేను లైటు పట్టుకుని ఆ గుడ్డనే చూస్తున్నాను. చూడకుండా ఎలా ఉంటాను, నా సరుకు. మూడేళ్ల కిందట ఆవిడ అడిగితే నేనే ఇచ్చాను.

మంచు తడి గుడ్డ మీద నిలిచి ఉంది. బొట్లుగా కాదు. మంచి పూత గుడ్డ మీద నీళ్లు పూసల్లా దొర్లి జారిపోవాలి. ఇక్కడ నీళ్లు గుడ్డకి చర్మంలా అతుక్కుని, గుడ్డంతా ఒకటే పొరలా మెరుస్తున్నాయి. అంచు దగ్గర చెయ్యి పెట్టాను. మడత పెట్టి కుట్టిన కుట్టు మా దుకాణం మిషనుదే. గోటితో మడత విప్పాను. లోపల ఎర్ర దారం.

దాని సంగతి మా వ్యాపారంలో అందరికీ తెలుసు. పూత సరిగ్గా పడని తాను అంచులోంచి మిల్లువాళ్లు ఎర్ర దారం లాగుతారు. అది సెకండ్స్. కొనేవాడికి చెప్పే అమ్ముతాం, అబద్ధం ఆడం. కానీ ఇంట్లోకి కావలసినవన్నీ ఆ తానుల్లోంచే చింపుతాం. మంచి తాను బేరానికి, సెకండ్స్ ఇంటికి. మా ఇంటి కర్టెన్లు, మా సంచులు, మా మంచం మీది దుప్పటి, అన్నీ ఎర్ర దారం సరుకే. మూడేళ్ల కిందట ఆవిడ ఒక చదరపు ముక్క కావాలని అడిగినప్పుడు నా చెయ్యి దానంతటదే సెకండ్స్ అల్మరా వైపు వెళ్లింది. ఇంటి మనిషి అడిగింది గదా. దారం లోపలికి మడిచి కుట్టి ఇచ్చాను.

గ్రీజు మోటారు బిగించి దిగాడు. నేనూ దిగాను. ఆ పూట సంఖ్యలన్నీ ఆవిడ చెప్పినట్టే రాశాను.

మధ్యాహ్నం కారియరు విప్పుకుని తింటున్నప్పుడు అడిగాను. ఆ కిటికీ గుడ్డ తడిస్తే ఏమవుతుంది? తడవదు, అది నీళ్లు నిలవని గుడ్డ అంది. తడిస్తే అన్నాను. పెద్దాయన పాడేది నీటి శ్రుతిలోనే గదా, ఆ శ్రుతి దగ్గర నీళ్లపొర గోడతో సమానం, చాలా మింగేస్తుంది అంది. అని, చెంచా ఆపింది.

"ఎందుకడిగారు?"

చెప్పాను. తడి చర్మంలా నిలిచిందని చెప్పాను. ఎర్ర దారం సంగతీ చెప్పాను. సగం చెప్పి సగం దాచే బేరం కాదిది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"సెకండ్స్ అని ఇచ్చిన రోజునుంచీ తెలుసు. దానివల్ల ఇలా అవుతుందని ఈ పొద్దుటినుంచే."

ఆవిడ లెక్క నాకన్నా వేగంగా వెళ్లింది. పొద్దున్న గుడ్డ తడిగా ఉండగా రాయిని తూస్తున్నాం. రాయి తేలిగ్గా వస్తోంది. మనం యంత్రం మందంగా ఉందనుకుని రోజంతా అన్నిటినీ పెంచుకుంటున్నాం. ఎండకి గుడ్డ ఆరుతుంది. ఆరాక పెద్దాయన ఎంత ఉన్నాడో దానికి మించి కనిపిస్తాడు. ఎక్కువ మంచు పడ్డ రోజు ఎక్కువ మిణుకు, పొడిగా ఉన్న రోజు ఏమీ లేదు. పొద్దున్నపూట గరగర కూడా గాలిది కాదు, ఈ తడి గుడ్డదే. గ్రీజు ఎక్కేది మూడు దాటాక గనక తడి గుడ్డని ఎవరూ చూడలేదు. ఇదంతా ఆవిడ నాకు చెప్పలేదు. కారియరు గిన్నెల వైపు చూస్తూ తనలో తను గొణుక్కుంది. చివరికి నావైపు తిరిగింది.

"ఇంట్లో కర్టెన్ల గురించి నేనెప్పుడూ అడగలేదు. ఇది ఇల్లు కాదు గదా."

అంతే. గిన్నెలు మూసింది.

మర్నాడు మంచు బాగా పడింది. రాయిని తూశారు, నూరుండాల్సింది డెబ్బై. పళ్లెం పైకి తిప్పించి, గ్రీజు ఎక్కి తువ్వాలుతో గుడ్డ తుడిచి వచ్చాడు. మళ్లీ తూశారు, తొంభై ఎనిమిది. నేను రెండు సంఖ్యలూ రాశాను. ఆవిడ ఆ రోజు పెద్దాయన వైపు పళ్లెం తిప్పమని చెప్పనే లేదు. అదే సాయంత్రం నేను దుకాణానికి వెళ్లి అన్నిటికన్నా మంచి తాను కొత్తది విప్పి ముక్క చింపాను. ఎవరికన్నయ్యా అంత మంచిది అన్నాడు తమ్ముడు. ఇంటికి అన్నాను. వాడు జ్వరమొచ్చిందా అన్నట్టు నా నుదురు వైపు చూశాడు.

ఆ తర్వాత మూడు రోజులు మా మధ్య సంఖ్యలు తప్ప మాటల్లేవు. ఆవిడ కోప్పడితే నాకు తేలికయ్యేది. పత్రికకి రాయాల్సిన ఉత్తరం మాత్రం నా చేత రాయించింది. మూడేళ్లుగా చెప్పిన మిణుకు కిటికీ తడివల్ల వచ్చింది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అని. నా చేత్తోనే రాశాను. సంతకం మాత్రం ఎడమ చేత్తో వంకరగా పెట్టుకుంది.

నేను మాత్రం పుస్తకం వదల్లేదు. నా సరుకు ఎంత చెరిపిందో నాకు తెలియాలి. ఇంట్లో వంటగది బల్ల మీద మొదటి పేజీనుంచి తిరగేశాను. రోజూ రెండు గళ్లు నిలువుగా చూడటం అలవాటై, ఆ రోజు అడ్డంగా చూశాను. ఎడమ పెరిగిన రోజు కుడి కూడా పెరిగింది. ఎడమ తగ్గినప్పుడు కుడీ తగ్గింది. జోడెద్దుల్లా. నలభైకి ముప్పై, యాభై మూడుకి నలభై, నలభై నాలుగుకి ముప్పై మూడు. తక్కెడలో తేడా ఉంటే తూచిన ప్రతిదీ ఒకే పాళ్లలో తేడా వస్తుంది గదా. వరసగా ఇరవై రోజులు అలాగే ఉంది. ఇరవై ఒకటో రోజు దగ్గర వేలు ఆగింది. నలభై ఆరుకి ముప్పై. మర్నాడు యాభై ఏడుకి ముప్పై. ఆ మర్నాడు యాభై నాలుగుకి ముప్పై. ఆ తర్వాత నలభై మూడుకి ముప్పై. ఆపైన మళ్లీ జోడెద్దులు.

ఆవిడ స్టవ్ దగ్గర ఎడమ చేత్తో గరిటె తిప్పుతోంది. చెప్పాను.

"మళ్లీ చెప్పండి," అంది, వెనక్కి తిరక్కుండానే.

మళ్లీ చెప్పాను. ఎడమ ఒక్కటే పెరిగింది, కుడి కదల్లేదు.

స్టవ్ కట్టేసి వచ్చి కూచుంది. అన్ని రోజులకీ ఎడమని కుడితో భాగించమంది. ముప్పై నాలుగు భాగాహారాలు చేశాను. అన్నిటికీ ఒకటీ పాయింట్ మూడు, దాని చుట్టుపక్కలే. ఆ నాలుగు రోజులకి మాత్రం ఒకటిన్నర, ఒకటీ తొమ్మిది, ఒకటీ ఎనిమిది, ఒకటీ నాలుగు. గుడ్డ తడిసినా, గాలి చెమ్మగిల్లినా, పళ్లెం కాస్త పక్కకి ఒరిగినా రెండు కొమ్ములూ కలిసే తగ్గాలి. ఒక్కటే పెరగడానికి గుడ్డ చాలదు.

"నేను చూడాల్సింది," అంది. "ఇన్నేళ్లూ కుడిది లెక్కకి రానంత చిన్నది. ఈ ఏడు పెరిగింది, నా కళ్లు ఇంకా రెండిటి మొత్తం మీదే ఉన్నాయి." ఆ సాయంత్రం మూడు రోజుల తర్వాత నా ప్లేటులో ఆవిడే వడ్డించింది.

డైరెక్టరు గదిలో మా ఆవిడ అన్నీ వరసగా చెప్పింది. గుడ్డ సంగతి ముందు చెప్పింది, నాలుగు రోజుల సంగతి ఆఖర్న. ఆ గుడ్డ సరఫరా చేసిందెవరో కాగితాల్లో లేదే అంది ఆ అమ్మాయి, ఫైలు తిప్పుతూ. మా ఆవిడ నోరు విప్పబోయింది. నేనే, సెకండ్స్ అని తెలిసే ఇచ్చాను అన్నాను, వెనక కుర్చీలోంచి. ఆ అమ్మాయి నా పేరడిగి ఫైల్లో రాసుకుంది. నా ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఒకరి ఫైల్లో నా పేరు అలా పడటం అదే మొదలు.

తర్వాత తన అభ్యంతరం చెప్పింది. అది న్యాయమైనదే. ఎడమ కొమ్ము ఉన్న ఆ సన్నటి శ్రుతిలోనే ఎవరి యంత్రం కూతో ఆ నాలుగు రోజులూ దూరి ఉండొచ్చు మేడమ్, అప్పుడూ ఎడమ ఒక్కటే పెరుగుతుంది. నివేదిక ఇవ్వడానికి మూడు వారాల టైముంది. ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒక రోజు ఇంకెవరైనా, ఇంకెక్కడి నుంచైనా చూసి ఉంటే పెట్టండి. లేకపోతే వద్దు అంది. మా ఆవిడ సరేనంది. తను నేర్పిన పాఠమే గదా, కాదనడానికి దారి లేదు.

సముద్రం అవతల ఇంకో పళ్లెం ఉంది, దాని దగ్గర ఒకాయన ఇలాంటి ముసలి నక్షత్రాలని నెలకోసారి చూస్తాడు. ఆయనకి ఉత్తరం రాయడానికి కూచున్నాం. ఆవిడ మన సంఖ్యలు చెప్పబోతుంటే ఆపాను. మనది ఎంతొచ్చిందో చెప్పొద్దు, ఏ రోజో కూడా చెప్పొద్దు, నెల మొత్తంలో ఆయన చూసినవన్నీ పంపమందాం అన్నాను. బేరంలో ముందు మన ధర చెబితే అవతలివాడు దాని దగ్గరికే వస్తాడు. ఆవిడ నవ్వింది. మా పద్ధతీ అదే, మీరెక్కడ నేర్చుకున్నారంది.

పన్నెండు రోజులు ఏమీ రాలేదు. కొత్త గుడ్డ మీద మంచు పూసల్లా దొర్లిపోతోంది. ఇప్పుడు రాయిని రోజుకి నాలుగుసార్లు తూస్తున్నాం. పెద్దాయన మాత్రం ఒక్క రోజు కూడా ఎగరలేదు. ఒకటీ పాయింట్ మూడు, ఒకటీ పాయింట్ మూడు. ఆవిడ నివేదిక రెండు రకాలుగా చెప్పి రాయించింది. ఒకదాంట్లో ఆ నాలుగు రోజులున్నాయి, ఒకదాంట్లో లేవు. లేనిది చాలా చిన్నది. అది ఇవ్వాల్సివస్తే ఆవిడ జీవితమంతా ఒక పేజీకి తగ్గించినట్టు ఉంటుంది. చేతి కట్టు విప్పారు. వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి, పెన్ను పట్టుకుంటే జారిపోతోంది.

పదమూడో రోజు పొద్దున్న ఉత్తరం వచ్చింది. తెర మీద ఆవిడే విప్పింది. పొట్టి ఉత్తరం. వానలవల్ల ఆ నెలంతా పళ్లెం కట్టేసి ఉంది, క్షమించాలి, ఒక్క రోజు మాత్రం రెండు గంటలు తెరిపిచ్చింది అని రాశాడు. తేదీ ఇచ్చాడు. పుస్తకం తిప్పి చూశాను. మన నాలుగు రోజుల్లో రెండోది. ఆవిడ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నాకు వీపు పెట్టి నిలబడింది.

"మీరే చదవండి," అంది.

వాళ్ల పళ్లెం పెద్దది, కొలతలు వేరు. ఎడమ ఎనభై ఒకటి, కుడి నలభై మూడు. చదివాను. సంఖ్యలు పెద్దవి గనక చూడగానే ఏమీ తెలీదు. పుస్తకం వెనక అట్ట మీద భాగాహారం మొదలెట్టాను. ఎనభై ఒకట్లో నలభై మూడు ఒకటి. మిగిలింది ముప్పై ఎనిమిది. పక్కన సున్నా. ఎనిమిది వచ్చింది. ఇంకో ఎనిమిది వచ్చింది. అక్కడితో ఆపాను.

"ఒకటీ పాయింట్ ఎనిమిది ఎనిమిది," అన్నాను. "ఆ రోజు మనది ఒకటీ పాయింట్ తొమ్మిది."

"ఇంకోసారి చెయ్యండి."

ఇంకోసారి చేశాను. అదే వచ్చింది. సముద్రానికి ఇవతలా అవతలా ఒకే కూత దూరదు గదా అన్నాను. దూరదు అంది. కిటికీ దగ్గరనుంచి వచ్చి నా పక్కన కూచుని, ఆ అట్ట మీది భాగాహారాన్ని వేలితో మొదట్నుంచి చివరిదాకా చూసుకుంది. నేను పొడుగు నివేదిక తీసి ముందు పెట్టాను. పొట్టిది చింపబోతే, ఉంచండి, వెనకవైపు ఖాళీగా ఉంది అంది. దాన్ని తిరగేసి, బిగుసుకున్న వేళ్లతో పెన్ను పట్టుకుని ఒక మబ్బు బొమ్మ గీసింది, వంకరటింకరగా. దాని పక్కన నాలుగు గీతలు.

"అంత పెద్ద మబ్బు నాలుగు రోజుల్లో ఎందుకు పెరిగినట్టు? మళ్లీ ఎందుకు తగ్గినట్టు?"

నాకేం తెలుసన్నాను.

"నాకూ తెలీదు," అంది.

అంత సంతోషంగా తెలీదన్న మనిషిని నేను నా వ్యాపారంలో ఇంతవరకూ చూడలేదు.